గడియసేపు

కాలాన్ని చెప్పడానికి తెలుగువారికి మాటల కొరత ఎన్నడూ లేదు. రెప్ప వాల్చి ఎత్తేంత వ్యవధి రెప్పపాటు. సంస్కృతంలో దానికే నిమిషమని పేరు. నేటి వ్యవహారంలో నిమిషమంటే అరవై సెకన్లే గాని, ఆ మాట పుట్టింది కంటిరెప్ప కదలికలో. అరవై విఘడియలు ఒక గడియ. ఏడున్నర గడియలు ఒక జాము. అరవై గడియలు ఒక పగలు, ఒక రాత్రి. నేటి లెక్కలోకి మారిస్తే విఘడియకు 24 సెకన్లు, గడియకు 24 నిమిషాలు, జాముకు మూడు గంటలు. 'గడియ తీరిక లేదు', 'గడియసేపు కూర్చో' అని పెద్దలు అలవోకగా అనే మాటల వెనుక ఇంత కచ్చితమైన కొలత ఉన్నదని నేటి విద్యార్థుల్లో చాలామంది ఎరుగరు.

ఆ కొలతకు సాధనం గడియకుడుక. పలుచని రాగిరేకుతో చేసిన చిన్న గిన్నె అది. దాని అడుగున సన్నని రంధ్రం ఉంటుంది. పెద్ద పాత్రలో నీరు పోసి, గిన్నెను ఆ నీటిపై తేలవిడుస్తారు. రంధ్రం గుండా నీరు మెల్లగా లోపలికి చేరుతుంది. నిండిన గిన్నె మునుగుతుంది. అది మునిగితే ఒక గడియ. దాన్ని పైకి తీసి, నీటిని ఒంపి, మళ్లీ తేలవిడిస్తే రెండో గడియ మొదలు. నిర్మలమైన నీటిలో ఉంచిన రాగిపాత్ర ఒక అహోరాత్రంలో అరవైసార్లు మునగాలని సూర్యసిద్ధాంతం దీని ప్రమాణాన్ని చెప్పింది. కోటలలో, నగరాలలో గిన్నె మునిగినప్పుడల్లా కంచుపలకపై దెబ్బకొట్టి ప్రజలకు వేళ తెలిపేవారు. హిందుస్థానంలోని ఈ ఏర్పాటును బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో వివరంగా రాశాడు. పెళ్లిపందిళ్లలో సుముహూర్త ఘడియలు నిర్ణయించడానికీ ఈ గిన్నే ఆధారమయింది.

ఇప్పుడు ఇటలీ దేశపు సంగతి ఒకటి చూడాలి. 1980ల చివరి సంవత్సరాలలో ఫ్రాన్చెస్కో చిరిల్లో అనే విద్యార్థికి చదువు మీద మనసు నిలవలేదు. అతడు వంటింట్లో వాడే ఒక టైమరును తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు. అది టమాటా ఆకారంలో ఉండేది. అది మోగేవరకు ఒకే పని చేయాలని నియమం పెట్టుకున్నాడు. క్రమంగా అతని పద్ధతి ఒక రూపానికి వచ్చింది. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. అలా నాలుగుసార్లు గడిస్తే కొంత దీర్ఘమైన విరామం. ఇటలీ భాషలో టమాటాను పొమొడోరో అంటారు కనుక ఆ పద్ధతికి అదే పేరు స్థిరపడింది. నేడు సెల్‌ఫోన్లలో, కంప్యూటర్లలో ఈ పద్ధతిని అనుసరించే టైమర్ యాప్‌లు లెక్కకు మించి ఉన్నాయి.

గడియకు 24 నిమిషాలు, పొమొడోరోకు 25. ఈ దగ్గరితనాన్ని చూసి 'ఇదంతా మనవారు ఏనాడో చెప్పారు' అని ఉప్పొంగడం సులభం. కాని అది సత్యం కాదు. గడియ పుట్టింది రోజును అరవై సమభాగాలు చేసే ఖగోళ గణితం నుంచి. మనిషి ఏకాగ్రత ఎంతసేపు నిలుస్తుందన్న విచారణ నుంచి కాదు. చిరిల్లోకు గడియకుడుక సంగతి తెలిసి ఉండవలసిన అవసరమూ లేదు. అంకెలు కలవడం యాదృచ్ఛికమే. అయితే ఆ రెండు సాధనాల స్వభావాలు కలవడం మాత్రం ఆలోచించదగినది. రెండూ ఒక్క పనే చేస్తాయి. రెండూ వ్యవధిని కొలుస్తున్నంతసేపూ మౌనంగానో, సన్నని టిక్కుటిక్కు చప్పుడుతోనో పక్కన పడి ఉంటాయి. వ్యవధి తీరగానే ఆ మాట ఒక్కసారి చెప్పి ఊరకుంటాయి. మనిషి చూపును తమవైపు లాక్కోవాలన్న కోరిక వాటికి లేదు. నేటి టైమర్ యాప్‌లలో అనేకం పోగొట్టుకున్నది ఈ గుణాన్నే.

ఏకాగ్రత కోసం చేసిన యాప్‌ను తెరవగానే ఏమి కనిపిస్తున్నది? ముందు ఖాతా తెరవమంటుంది. పేరు, మెయిలు చిరునామా అడుగుతుంది. రంగులు ఎంచుకోమంటుంది. వానచప్పుడు కావాలో, అడవిచప్పుడు కావాలో తేల్చుకోమంటుంది. నిన్న ఎన్నిసార్లు కూర్చున్నారో పట్టిక వేసి చూపుతుంది. వరుసగా ఎన్ని రోజులు చదివారో లెక్కగట్టి, ఆ గొలుసు తెగిపోతుందని రాత్రి పదిగంటలకు హెచ్చరిక పంపుతుంది. నడుమ ఒక ప్రకటన. చదువుకు కూర్చున్న విద్యార్థి పుస్తకం తెరవకముందే పది నిర్ణయాలు చేసి అలసిపోతాడు. దొంగల భయానికి కావలి పెట్టుకుంటే కావలివాడే రాత్రంతా తలుపు తట్టినట్లున్నది ఈ వ్యవహారం.

సమాచారం విస్తరించిన కొద్దీ దాన్ని అందుకోవలసిన మనిషి అవధానం కరవవుతుందని అమెరికన్ శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. అప్పటికి సెల్‌ఫోను లేదు, ఇంటర్నెట్టు సామాన్యుని దరిచేరలేదు. నేడు ఆ కరవు మీదనే పెద్ద వ్యాపారాలు నడుస్తున్నాయి. ఫోనులో ఉచితంగా దొరికే అనేక సేవలకు చెల్లించే మూల్యం చూపు, సమయం. ఎక్కువసేపు చూసేవాడే మంచి వినియోగదారుడు. అటువంటి లోకంలో 'నన్ను చూడవద్దు, నీ పని చూసుకో' అని చెప్పే వస్తువును తయారుచేయడం పైకి కనిపించినంత తేలిక కాదు.

అవధానం అన్న మాట తెలుగు విద్యార్థికి కొత్తది కాదు. మనసు నిలపడమే దాని అర్థం. ఆ పేరుతో ఒక సాహిత్యకళనే పెంచుకున్న జాతి తెలుగుజాతి. తిరుపతి వేంకటకవులు ఊరూరా సభలు చేసి ఆ కళకు గొప్ప ప్రచారం తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషేధాక్షరి నడుపుతారు. ఒకరు నడుమనడుమ గంట కొడితే ఆ దెబ్బలను లెక్కపెట్టి చెప్పవలసి ఉంటుంది. వీరిలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ప్రత్యేకుడు. అవధాని పద్యం కడుతున్న సమయం చూసి, సంబంధం లేని ప్రశ్నలు వేసి, అతని ధ్యాసను చెదరగొట్టడమే ఆయన పని. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అంతరాయానికి కూడా ఆ సభలో ఒక హద్దు ఉన్నది. అప్రస్తుత ప్రసంగికి ఒకే ఒక కుర్చీ వేస్తారు. ఏళ్ల తరబడి సాధన చేసిన మహావధానికి ఒక్క అప్రస్తుత ప్రసంగి చాలు. పదహారేళ్ల విద్యార్థి జేబులో ఫోను పెట్టి, ముప్పై యాప్‌లకు ముప్పై కుర్చీలు వేసి, మనసు నిలపలేదని అతన్నే నిందించడం న్యాయం కాదు.

ఒక పని నుంచి మరొక పనికి మారినప్పుడు మొదటి పని తాలూకు ఆలోచన మనసులో కొంత మిగిలిపోతుందని, ఆ శేషం రెండో పనిని కుంటుపరుస్తుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. మధ్యలో వదిలేసిన పని విషయంలో ఈ శేషం మరింత బలంగా ఉంటుంది. త్రికోణమితి లెక్క సగంలో ఉండగా ఫోనులో ఒక సందేశం చూసి వచ్చిన విద్యార్థి పోగొట్టుకునేది ఆ అర నిమిషమే కాదు. తిరిగి లెక్కలో ప్రవేశించడానికి పట్టే కాలాన్ని కూడా పోగొట్టుకుంటాడు. ఫోను బల్లమీద ఊరకే ఉన్నా ఆలోచనాశక్తి కొంత తగ్గుతుందని 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ప్రకటించారు. తరువాత జరిగిన ప్రయోగాలన్నిటిలో ఆ ఫలితం ఒకే తీరుగా రాలేదు. కనుక దాన్ని వేదవాక్యంగా తీసుకోనవసరం లేదు. అయినా చదువుకునేవేళ ఫోనును పక్కగదిలో ఉంచినందువల్ల నష్టపోయినవాడు ఎవడూ ఉండడు.

ఈ చర్చ నగరాలలోని సంపన్న విద్యార్థులకే సంబంధించిందని అనుకుంటే పొరపాటు. సంగారెడ్డి జిల్లాలోని జోగిపేట వంటి ఊరిని తీసుకుంటే విషయం ఇంకా స్పష్టమవుతుంది. సంగారెడ్డి నుంచి నాందేడుకు పోయే రహదారి మీది పట్టణం అది. ఆ దారినే వెనక్కి నడిస్తే సంగారెడ్డి, ఆ తరువాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలోని మందుల, రసాయనాల, యంత్రపరికరాల కర్మాగారాలకు చుట్టుపట్ల పల్లెల నుంచి, పట్టణాల నుంచి పనివారు వెళ్తుంటారు. అటువంటి ఇంట్లో తండ్రి ఒక వారం పగటి షిఫ్టు చేస్తే మరొక వారం రాత్రి షిఫ్టు చేస్తాడు. రాత్రి పనిచేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. చదువుకు వేరే గది ఉండదు. చాలా ఇళ్లలో మంచి ఫోను ఒక్కటే. అది తండ్రి ఇంట ఉన్నప్పుడే పిల్లల చేతికి వస్తుంది. అందులోనే పాఠాల వీడియోలు, కళాశాల సందేశాలు, పరీక్షల సమాచారం. ఫోను పారవేయమని ఆ విద్యార్థికి చెప్పడం ఉచితసలహా మాత్రమే అవుతుంది. అతనికి దొరికే నిశ్శబ్దం రోజుకు ఒకటి రెండు గంటలు. ఆ కొద్దిపాటి కాలాన్ని ఫోనే మింగివేస్తే తిరిగి కొనుక్కోగలిగే స్తోమత అతనికి లేదు. అందుకే అతని ఫోనులో ఉండే టైమరు ఎలా ఉండాలన్నది అల్పవిషయం కాదు.

పారిశ్రామికవాడకు కాలంతో ఉన్న సంబంధం నుంచి నేర్చుకోవలసింది మరొకటి కూడా ఉన్నది. అక్కడ సైరను కూత ప్రకారం మనిషి కదులుతాడు. ఆ కాలం కర్మాగారానిది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలరు పనివారి వెనుక స్టాప్‌వాచీతో నిలబడి, వారి పనిని సెకన్ల ముక్కలుగా విడగొట్టి కొలిచే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆ సిద్ధాంతాలను 1911లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. కాని తన చేతి కదలికల మీద తనకున్న అధికారం పోయిందని శ్రామికులు దాన్ని గట్టిగా ప్రతిఘటించారు. గడియారం ఒక్కటే; అది ఎవరి చేతిలో ఉన్నదన్నదాన్ని బట్టి దాని ధర్మం మారుతుంది. విద్యార్థి తనంతట తాను 'ఈ గడియసేపు ఈ పాఠం' అని పెట్టుకున్న హద్దు అతని స్వాతంత్ర్యం. అదే టైమరు అతని ప్రతి నిమిషాన్నీ నమోదుచేసి, నిన్నటితో నేటిని పోల్చి, మిత్రుల లెక్కలతో పోటీ పెట్టి, ఆ వివరాలను ఎక్కడో ఉన్న సంస్థకు చేరవేస్తే అది మేస్త్రీ అవతారం ఎత్తుతుంది. తండ్రి కర్మాగారంలో మేస్త్రీ కింద పనిచేసి వస్తే, కొడుకో కూతురో ఇంట్లో కూర్చొని ఫోను మేస్త్రీ కింద చదవడం ఎందుకు?

చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని బాలలుగా పరిగణిస్తుంది. బాలల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వారి ప్రవర్తనను వెన్నాడి కనిపెట్టడం, వారిని గురిచూసి ప్రకటనలు ఇవ్వడం కూడదని నిర్దేశిస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ వయసు లోపలివారే. ఏ వివరమూ సేకరించని టైమరుకు ఈ చిక్కులేవీ లేవు. నీటిమీద తేలే గిన్నెకు ఎవరి పేరూ తెలియనక్కరలేదు.

మరి మంచి టైమరు ఎలా ఉండాలి? మొదట అందులో ఏవి ఉండకూడదో నిర్ణయించుకోవాలి. ఖాతా వద్దు. ప్రకటనలు వద్దు. ఇంటర్నెట్టు లేకున్నా పనిచేయాలి. పరిచయస్థుల జాబితా, ఫోను ఉన్న చోటు, చిత్రాలు వంటివి చూసే అనుమతి ఏదీ అడగకూడదు. తెర మీద ఒక వలయం, ఒక మీట ఉంటే చాలు. మీట నొక్కితే వలయం మెల్లగా నిండాలి, గిన్నె నిండినట్లు. సెకన్ల అంకెలు తెర మీద గంతులు వేయకూడదు, ఎందుకంటే కదిలే వస్తువు వైపు కన్ను దానంతట అదే తిరుగుతుంది. వ్యవధి తీరినప్పుడు ఇల్లంతా ఉలిక్కిపడే అలారం మోగకూడదు. పక్కన రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషి ఉండవచ్చు. ఒక్క కంచుదెబ్బ వంటి మెత్తని నాదమో, ఒక చిన్న ప్రకంపనమో చాలు. చూపు లేనివారికి కూడా మీట పేరును ఫోను చదివి వినిపించేటట్లు ఉండాలి. మీట మీద 'మొదలు', 'ఆపు' అని తెలుగులో రాస్తే ఇంకా మంచిది. వస్తువులు వెనుకన నిలిచి, అవసరమైనప్పుడు మాత్రమే ముందుకు రావాలన్న ఈ భావనకు మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1995లో ప్రశాంత సాంకేతికత అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

పైకి ఇంత నిరాడంబరంగా కనిపించే వస్తువు లోపల కొంత జాగ్రత్త కోరుతుంది. ప్రోగ్రాము రాయడం కొత్తగా నేర్చుకున్నవారు సెకనుకొకసారి ఒకటి తీసివేస్తూ లెక్కపెట్టే విధంగా టైమరును రాస్తారు. అది పొరపాటు. బ్యాటరీని ఆదా చేయడానికి ఫోను తెర ఆరిన తరువాత యాప్‌లను నిద్రపుచ్చుతుంది. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ నుంచి ఈ ఏర్పాటు మరింత గట్టిపడింది. యాప్ నిద్రపోతే తీసివేత ఆగిపోతుంది. ఇరవైనాలుగు నిమిషాలు ముప్పై కావచ్చు. అందుచేత లెక్కపెట్టడం మాని, మొదలుపెట్టిన క్షణాన్ని గుర్తుంచుకోవాలి. కావలసినప్పుడు ఇప్పటి క్షణంలో నుంచి దాన్ని తీసివేస్తే గడచిన కాలం తెలుస్తుంది. అయితే గోడగడియారం వంటి వేళను ఎవరైనా ముందుకో వెనుకకో తిప్పవచ్చు. కనుక ఫోను వెలిగించినప్పటి నుంచి ఎడతెగక నడిచే లోపలి గడియారాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. గడువు తీరినప్పుడు మేల్కొలిపే బాధ్యతను ఫోను వ్యవస్థకే అప్పగించాలి. గిన్నె కూడా సెకన్లను లెక్కపెట్టదు. తన రంధ్రం, తన బరువు, నీటి స్వభావం చూసుకుంటుంది, వేళకు మునుగుతుంది.

యాప్ తయారుచేయదలచిన విద్యార్థులు ముందుగా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక గడియకుడుకను చేసి చూడడం మేలు. పలుచని లోహపు గిన్నెకు సన్నని సూదితో రంధ్రం చేసి, నీటిపై వదిలి, ఎంతసేపటికి మునిగిందో గడియారంతో సరిచూడాలి. త్వరగా మునిగితే రంధ్రం పెద్దదయినట్లు, ఆలస్యమైతే చిన్నదయినట్లు. చల్లని నీటిలో కొంత ఆలస్యం, గోరువెచ్చని నీటిలో కొంత తొందర కనిపిస్తాయి, ఎందుకంటే వేడికి నీటి చిక్కదనం తగ్గుతుంది. నీటిలో నలుసు ఉంటే లెక్కంతా తప్పుతుంది. సూర్యసిద్ధాంతం నిర్మలమైన నీరు అనడంలోని ఆంతర్యం అప్పుడు అనుభవానికి వస్తుంది. ఒక్క పని చేసే వస్తువును ఆ ఒక్క పని సరిగా చేసేటట్లు తీర్చడానికి ఎంత ఓపిక కావాలో అటువంటి ప్రయోగం నేర్పినట్లు మరేదీ నేర్పదు.

ఈ సందర్భంలో లీలావతి కథను స్మరించవలసి ఉన్నది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన గణితగ్రంథానికి లీలావతి అని పేరు. 1587లో ఫైజీ దాన్ని పారశీక భాషలోకి అనువదించినప్పుడు ఆ పేరు గురించి ఒక కథ చెప్పాడు. భాస్కరుడు కూతురి వివాహానికి ముహూర్తం చూసి, గిన్నెను నీటిపై ఉంచాడట. గిన్నె ఎలా మునుగుతుందో చూద్దామని ఆ బాలిక వేడుకగా వంగి చూసింది. ఆమె నగలోని చిన్న ముత్యం జారి గిన్నెలో పడి రంధ్రాన్ని మూసింది. గిన్నె మునగలేదు, ముహూర్తం తప్పిపోయింది. ఇది చరిత్ర కాకపోవచ్చు, కథే కావచ్చు. అయినా వస్తువులను తయారుచేసేవారు గుర్తుంచుకోదగిన కథ ఇది. రంధ్రాన్ని మూసింది మట్టిబెడ్డ కాదు, అందమైన ముత్యం. టైమరు యాప్‌కు చేర్చే ప్రతి కొత్త సౌకర్యం ముత్యం వలెనే ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే పనిని ఆపుతుంది.

ఈ వాదానికి కొన్ని ఆక్షేపణలు రాక తప్పదు. లెక్కలు, బహుమతులు, పోటీలు ఉంటేనే పిల్లలకు ఉత్సాహం కలుగుతుందని కొందరంటారు. అది పూర్తిగా అసత్యం కాదు. చదువుకు కూర్చున్నంతసేపూ తెరమీద ఒక చెట్టు పెరిగే యాప్‌ల వల్ల మేలు పొందినవారు ఉన్నారు. కాని చెట్టు కోసం చదివే అలవాటు చెట్టు లేనినాడు నిలుస్తుందా అన్నది ప్రశ్న. జ్వరం వచ్చి ఒకరోజు గొలుసు తెగితే, పోయింది కదా అని పుస్తకమే మూసే విద్యార్థులూ ఉంటారు. లెక్క కావాలనుకున్నవారు నోటుపుస్తకం వెనుక పేజీలో ఒక్కో గడియకు ఒక్కో గీత గీసుకోవచ్చు. ఆ లెక్క వారి సొంతం. దాన్ని చూసి వారే సంతోషిస్తారు, వారే సరిదిద్దుకుంటారు.

మనసు పనిలో లీనమైనప్పుడు మధ్యలో మోగే గంటే పెద్ద అంతరాయం కదా అన్నది రెండో ఆక్షేపణ. ఇది బలమైన మాట. కవిత రాసేవానికి, కఠినమైన లెక్కలో చివరి మెట్టు మీద ఉన్నవానికి గడువు తీరినంత మాత్రాన కలం దింపవలసిన పని లేదు. గంట ఒక సూచన, ఆజ్ఞ కాదు. అందుకే దాని నాదం మెత్తగా ఉండాలని చెప్పడం. టైమరు అవసరం ఎక్కువగా ఉండేది పని మొదలుపెట్టడానికి మనసు రానివారికి. పుస్తకమంతా చదవాలంటే భయపడే మనసు గడియసేపు చదవాలంటే ఒప్పుకుంటుంది. మనసు పనిలో కుదిరిన తరువాత టైమరును మరచిపోయినా నష్టం లేదు. కొందరికి 24 నిమిషాలు ఎక్కువ, కొందరికి తక్కువ. వ్యవధిని మార్చుకునే వీలు ఉండాలి. అయితే ఆ వీలు ఒక్కసారి అమర్చుకొని మరచిపోయేటట్లు ఉండాలి.

ఇంత చిన్న యాప్‌ను ఎవరు చేస్తారు, అందులో వారికి వచ్చే లాభమేమి అన్నది మూడో ప్రశ్న. లాభం కోసమే చేసేవారు దాన్ని ఇంత చిన్నదిగా ఉంచలేరన్నది నిజమే. అటువంటివి చదువుకునేవారే చేసుకోవాలి. జిల్లాలో అందుకు తగిన చోట్లు లేకపోలేదు. 2008లో ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా మొదలైన హైదరాబాదు ఐఐటీ నేడు కందిలో విశాలమైన సొంత ప్రాంగణంలో నడుస్తున్నది. సుల్తాన్‌పూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజినీరింగు కళాశాల ఉన్నది. జోగిపేట జూనియర్ కళాశాలలో చదివిన విద్యార్థి రెండేళ్ల తరువాత అటువంటి కళాశాలల్లో ప్రవేశించవచ్చు. అతడు చేసే మొదటి ప్రాజెక్టు ఇటువంటి టైమరు అయితే, తన ఊళ్లో తన తరువాత చదివేవారికి అది ఉపయోగపడుతుంది.

ఏకాగ్రత దేనికన్న ప్రశ్న చివరకు మిగులుతుంది. దానికి జోగిపేట చరిత్రలోనే ఒక సమాధానం దొరుకుతుంది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశం జోగిపేటలోనే జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన గోల్కొండ పత్రిక సంపాదకుడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ వినవచ్చినప్పుడు ఆయన కోపంతో ఒక వ్యాసం రాసి ఊరకుండలేదు. జిల్లా జిల్లా నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించి, పరిష్కరించి, 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచికను వెలువరించాడు. ఒక్కొక్క పద్యం చదివి, దోషాలు దిద్ది, ఒక్కొక్క పేరు సరిచూస్తేగాని అటువంటి గ్రంథం తయారు కాదు. పత్రిక నడిపే పని, సభల పని, లేఖల పని నడుమ దొరికిన గడియలను అందుకు వెచ్చించాలి. ఆక్షేపణ చేసినవారికి సమాధానం ఆ గడియలలో తయారయింది.

ఏ టైమరూ అటువంటి పనిని చేయించలేదు. గిన్నె కొలవగలిగింది కాలాన్ని మాత్రమే. అందులో ఏమి నింపాలన్నది మనిషి నిర్ణయం. అయితే నింపడానికి ముందు ఆ గడియ ఖాళీగా చేతికి రావాలి. షిఫ్టు చేసి వచ్చిన తండ్రి నిద్రలేచేలోపు, ఇంట్లోని ఒకే ఫోను చేతిలో ఉన్నంతలో, ఒక విద్యార్థినికి 24 నిమిషాలు ఎవరూ ఏమీ అడగకుండా దొరికితే ఒక పాఠం పూర్తవుతుంది. ఆ 24 నిమిషాలు నోరెత్తకుండా పక్కన ఉండి, చివరకు ఒక్కసారి మోగి, ఆమె పేరు కూడా అడగని యాప్ ఒకటి కావాలి. దాన్ని చేయడానికి పెద్ద సంస్థలు అక్కరలేదు. ప్రోగ్రాము రాయడం నేర్చుకున్న ఇద్దరు విద్యార్థులకు కొద్దివారాల పని అది. అందులో కష్టమైన భాగం ఒక్కటే: పని పూర్తయిన తరువాత మరొక ముత్యాన్ని చేర్చకుండా ఆగడం.